పొగ లేని కుంపటి

1983-84 చలికాలం. న్యూజెర్సీ ఉత్తర భాగంలో ఒక చిన్న నర్సింగ్ కాలేజీలో నేను బాలింతల, పసిపిల్లల సంరక్షణ గురించి పాఠాలు చెప్పేదాన్ని. నా పేరు మేరీ రత్నం. గోదావరి జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, డెబ్భైల మొదట్లో ఈ దేశం వచ్చాను. వార్డుల్లో పనిచేస్తూనే పై చదువులు చదివి పంతులమ్మనయ్యాను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. అబద్ధం కాదు. కాకపోతే నా కోపంలో సగం భయమేనని ఆయనకు తెలియదు. అసలు భయం లేని నర్సును నేను నమ్మను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా హడలిపోయిన రోజు గురించి ఇప్పుడు చెబుతాను.

ఆ రోజుల్లో మా బి.ఎస్. నర్సింగ్ చివరి ఏడాదిలో ‘ఇండిపెండెంట్ స్టడీ’ అని ఒకటి ఉండేది. మిగతా సబ్జెక్టుల్లా మేం చెబితే వాళ్ళు వినడం కాదు. ఏం నేర్చుకోవాలో, ఎలా నేర్చుకోవాలో, నేర్చుకున్నదీ లేనిదీ మేం ఎలా తేల్చాలో విద్యార్థే ఆలోచించి రాసుకురావాలి. దాన్ని ‘లెర్నింగ్ కాంట్రాక్ట్’ అనేవాళ్ళం. ఒక టీచరు దానికి పూచీపడి సంతకం పెట్టాలి, ఆపైన కమిటీ ఒప్పుకోవాలి. చాలామంది పిల్లలు లైబ్రరీలో కూర్చుని తేలిగ్గా తెమిలిపోయేదేదో ఎంచుకునేవాళ్ళు. కారెన్ మాత్రం అలా కాదు.

కారెన్ పెన్సిల్వేనియాలో పాడి ఆవులు పెంచే ఇంటి పిల్ల. పొడుగ్గా, ఎర్రజుట్టుతో ఉండేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఒక మధ్యాహ్నం నా గదికొచ్చి, “మిసెస్ రత్నం, బాలింతల్ని రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపించేస్తున్నాం. ఆ తరవాత ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలుసా?” అంది.

“కమ్యూనిటీ హెల్త్ క్లాసులో ఇళ్ళకు వెళ్తున్నారుగా?” అన్నాను.

“మధ్యాహ్నం వెళ్తాం. అప్పటికి ఇల్లు సర్దేసి ఉంటుంది, పాపకు మంచి బట్టలు తొడిగేసి ఉంటాయి. మాకు కాఫీ ఇస్తారు. అంతా బాగుందా అంటే బాగుందంటారు, వచ్చేస్తాం. మా నాన్న అంటుంటారు, ఆవు సంగతి తెలియాలంటే పాలు పితికే వేళకు కొట్టంలో ఉండాలని.”

వేరే దేశం నుంచి వచ్చిన కుటుంబాన్ని ఒకదాన్ని ఎంచుకుని, పాప స్నానం వేళకే వెళ్ళి, పూటంతా ఉండి చూడాలని ఆ పిల్ల కోరిక. నాకు ముచ్చటేసింది. వెంటనే సంతకం పెట్టాను. కమిటీ పెద్ద డాక్టర్ విట్‌మోర్‌కి మాత్రం నచ్చలేదు.

“ఉదయం పూట మన టీచర్లందరూ ఆసుపత్రిలో ఉంటారు. ఆ ఇంట్లో ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత? అయినా, స్నానం చూసినందుకు క్రెడిట్లా?” అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండింది. “చంటిపిల్లకు స్నానం చేయించడం చూడని నర్సు కూడా నర్సేనా?” అన్నాను. వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కారెన్ ఆ ఇంట్లో ఉన్నంతసేపూ నేను ఆఫీసులో ఫోను పక్కనే కూర్చోవాలి. ఇదేం శిక్షరా బాబూ అనుకుంటూనే సరేనన్నాను.

ఇల్లు నేనే వెతికిపెట్టాను. పద్మ మా ఆసుపత్రిలోనే ప్రసవించింది. నొప్పుల్లో “అమ్మా! అమ్మోయ్!” అన్న అరుపు విని తెలుగుపిల్లేనని పోల్చుకున్నాను. భర్త ప్రసాద్ ఇంజనీరు. పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్. పురుడు పొయ్యడానికి పద్మ తల్లి సీతారావమ్మగారు తణుకు నుంచి వచ్చి ఉన్నారు. పొట్టిగా, చురుగ్గా, నోటినిండా మాటతో ఉండే మనిషి. నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని. మొదటిరోజు కారెన్‌ని వెంటబెట్టుకుని వెళ్తే, ఎగాదిగా చూసి పకపకా నవ్వారు.

“ఏమమ్మా మేరీ, ఈ దొరసానికి నేను నలుగు పెట్టడం నేర్పాలా? మా వీధిలో వాళ్ళకి చెబితే నమ్ముతారా?”

నమ్మినా నమ్మకపోయినా, పద్మ ఇద్దరి మాటలూ అటూ ఇటూ మార్చి చెబుతుంటే, బాగానే నేర్పారు. పిన్నిగారు బాత్‌టబ్‌లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తుంటే, కారెన్ చెంబుతో నీళ్ళు అందించేది. తరవాత పద్మకు తలస్నానం. ఆ తరవాత సాంబ్రాణి ధూపం. అక్కడే చిక్కొచ్చింది. మన ఊళ్ళో అయితే పొయ్యిలోంచి నాలుగు నిప్పులు తీసుకుంటాం. కరెంటు పొయ్యిలో నిప్పులెక్కడివి? మొదట్లో ఒకరోజు పొయ్యి మీదే సాంబ్రాణి చల్లితే పొగను పసిగట్టే అలారం మోగి బిల్డింగంతా లేచిందట. “అల్లుడు దాన్ని పీకి, బాటరీ తీసి అవతల పారేశాడమ్మా,” అని పిన్నిగారు నవ్వుతూ చెప్పారు. వేసవిలో పిక్నిక్‌కి కొన్న బొగ్గుల సంచి ఒకటి ఇంట్లో ఉంది. ప్రసాద్ ఆఫీసుకు వెళ్ళేముందు వాటిని బాల్కనీలో రాజేసి వెళ్ళేవాడు. అవి రాజుకుని బూడిద కట్టాక, పిన్నిగారు ఇనప పెనంలో వేసి లోపలికి తెచ్చి సాంబ్రాణి చల్లేవారు. చేస్తున్నంతసేపూ బాల్కనీ తలుపు కాస్త తీసే ఉండేది. మా క్రైస్తవుల ఇళ్ళలోనూ బాలింతకు ధూపం వేస్తారు. మతం మారినా పురిటిగది మారలేదు. ఆ వాసనకి మా అమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

జనవరిలో చలి ముదిరింది. అలాంటి చలి పిన్నిగారు జన్మలో చూడలేదు. కిటికీ సందుల్లోంచి వచ్చే గాలికి పద్మ వణుకుతోందని ప్రసాద్ చేత కిటికీలకు ప్లాస్టిక్ షీటు అంటించారు. బాల్కనీ తలుపు మూయించారు. పడకగది తలుపు కింద తువ్వాలు కుక్కారు. ధూపం అయిపోయాక కూడా బొగ్గుల పెనం పద్మ మంచం పక్కనే ఉంచడం మొదలుపెట్టారు, కుంపటిలా వెచ్చగా ఉంటుందని. ఈ సంగతులేవీ అప్పటికి నాకు తెలియవు. కారెన్ వారానికోసారి వెళ్తోంది, నేను ఫోను పక్కన పేపర్లు దిద్దుకుంటున్నాను.

ఆ ఉదయం ఫోన్ మోగింది.

“మిసెస్ రత్నం, నాకు తల పగిలిపోతోంది,” అంది కారెన్. గొంతు ముద్దముద్దగా ఉంది.

“రాత్రి నిద్ర లేదా?”

“అది కాదు. పోయిన వారమూ ఇక్కడికి వస్తే ఇలాగే అయింది. బయటికి వెళ్ళాక తగ్గిపోయింది. పద్మకు కూడా రోజూ స్నానం అయ్యాక తలనొప్పి, మగత. బాలింతకు అది మామూలే, ధూపం వేశాక నిద్ర పట్టాలి, అప్పుడే ఒళ్ళు గట్టిపడుతుంది అంటారట వాళ్ళమ్మ, పద్మే చెప్పింది. కానీ మిసెస్ రత్నం, నేను బాలింతను కాను కదా?”

స్నానం చేసిన బాలింతకు మత్తుగా నిద్ర పడితే మనవాళ్ళం సంతోషిస్తాం. నేనూ సంతోషించేదాన్నే. కారెన్‌కి ఆ అలవాటు లేదు కాబట్టి ఆ నిద్ర ఆ పిల్లకు వింతగా కనిపించింది.

“పద్మ ఏం చేస్తోంది?”

“పడుకుంది. పిలిస్తే ఊఁ అంటోంది గానీ కళ్ళు తెరవడం లేదు. పాప పాలవేళ దాటిపోయింది. ఏడవడం లేదు.”

“ఆ గదిలో ఏముంది? అంతా చూసి చెప్పు.”

“కిటికీకి ప్లాస్టిక్. మంచం పక్కన పెనంలో బొగ్గులు. పొగేం లేదు. పైన బూడిద, లోపల ఎర్రగా ఉన్నాయి.”

ఓరి దేవుడా! పై ప్రాణాలు పైనే పోయాయి. పొగ పోయిన నిప్పు మంచిదని చిన్నప్పటినుంచీ మనకు నేర్పారు. పెంకుటిళ్ళలో అది నిజమే. చూరు కిందనుంచి, తలుపు సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. గాలి చొరబడకుండా బిగించిన గదిలో అవే బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును నింపేస్తాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. మనిషికి ముందు తలనొప్పి, తరవాత నిద్ర. ఆ నిద్రలోనే ప్రాణం పోతుంది. ప్రసాద్ ఆ అలారంలో బాటరీ ఉంచినా లాభం లేదు, పొగ లేనిదానికి అది మోగదు.

“పాపని ఎత్తుకుని బయటికి పరుగెత్తు! ఆ తరవాత పద్మ!” అని అరిచాను.

“ఎత్తుకోబోయాను. అమ్మమ్మగారు ఇవ్వడం లేదు. బాల్కనీ తలుపు తియ్యబోతే అడ్డం నిలబడ్డారు.”

పక్క టేబుల్ దగ్గరున్న ఆఫీసు అమ్మాయిని కేకేసి, చిరునామా చెప్పి, రెండో లైనులో ఆంబులెన్స్‌ని పిలవమన్నాను. “ఆవిడకి ఫోనియ్యి,” అన్నాను కారెన్‌తో.

“చూశావటమ్మా మేరీ!” పిన్నిగారు రుసరుసలాడుతూ అందుకున్నారు. “ఈ మంచులో తలుపులు బార్లా తియ్యమంటోంది. పచ్చి బాలింతకి చలిగాలి కొడితే సన్నిపాతం కమ్మదూ? మా అక్క అలాగే పోయింది, నా కళ్ళముందే కొట్టుకుని కొట్టుకుని పోయింది. నా కూతుర్ని కూడా పొమ్మంటావా?”

“పిన్నిగారూ, ఆ బొగ్గులు విషం. మీకు దణ్ణం పెడతాను, తలుపు తియ్యండి!”

“విషమా? ఏం మాటలమ్మా అవి! మా అమ్మ ఇదే కుంపటి పెట్టింది, మా అమ్మమ్మా ఇదే పెట్టింది. పొగైనా లేదు కదే!”

ఆవిడ మొండితనం కాదది, భయం. నాకున్నంత భయమే ఆవిడకీ ఉంది. ఆవిడ భయం చలిగాలి మీద, నా భయం బొగ్గుల మీద. మధ్యలో ఇద్దరి ప్రాణాలు. కార్బన్ మోనాక్సైడ్ గురించి పాఠం చెప్పే సమయమా అది? ప్రభువా, ఒక్క మాట అందించు అని లోపల ఏడ్చాను.

“పిన్నిగారూ, పాప మీ చేతుల్లో ఉందా?”

“ఉంది. హాయిగా నిద్రపోతోంది, బంగారుతల్లి.”

“అరికాలు మీద గట్టిగా గిచ్చండి.”

“ఛీ ఛీ! నిద్రపోయే పసిగుడ్డుని గిచ్చమంటావేంటే?”

“గిచ్చండి! ఏడిస్తే తలుపు తియ్యొద్దు. నాదే తప్పని మీ కాళ్ళు పట్టుకుంటాను.”

రిసీవరును చెవికి అదిమిపట్టుకుని ఆ ఏడుపు కోసం విన్నాను. పిల్ల ఏడవాలని అంతగా కోరుకున్నది నేను అదొక్కసారే. ఏడుపు రాలేదు.

“ఏడవట్లేదమ్మా,” అన్నారు పిన్నిగారు. ఆ గొంతు ఆవిడది కాదు. “మళ్ళీ గిచ్చాను. అమ్మా మేరీ, ఏడవట్లేదేంటమ్మా ఇది…”

ఫోను గోడకు కొట్టుకున్న చప్పుడు. తరవాత బాల్కనీ తలుపు గరగరమని జరిగిన చప్పుడు. గాలి హోరు. ఇంకెవరూ ఫోను దగ్గరికి రాలేదు.

మంచులో కారు ఎలా నడిపానో నాకు తెలియదు. హైవే మీద ముందు కారు ఎర్ర దీపాలు తప్ప ఏమీ గుర్తులేదు. నా విద్యార్థిని నేనే ఆ గదిలోకి పంపించాను, ఆ పిల్ల తల్లికి ఏం చెప్పాలి, పద్మకు ఏమైనా అయితే ప్రసాద్ మొహం ఎలా చూడాలి, ఇవే తిరుగుతున్నాయి బుర్రలో. ‘యెహోవా నా కాపరి’ అని మొదలుపెట్టాను, రెండో మాట గుర్తు రాలేదు. రోజూ చదివే కీర్తన!

మా ఆసుపత్రి ఎమర్జెన్సీలో పద్మ, పిన్నిగారు, కారెన్ ముగ్గురూ ఆక్సిజన్ మాస్కులతో కనిపించారు. తలుపు తెరుచుకున్నాక కారెన్ పెనాన్ని మంచులోకి విసిరేసి, పద్మను దుప్పటితో సహా ఈడ్చుకుంటూ మెట్ల దగ్గరికి తెచ్చిందట. ఆంబులెన్స్ వాళ్ళు అక్కడే అందుకున్నారు. మా పాఠ్యపుస్తకంలో ఈ విషం ఎక్కినవాళ్ళు చెర్రీపండులా ఎర్రబడతారని ఉండేది. పద్మ తెల్లగా పాలిపోయి ఉంది. ఆ రంగు కోసం చూస్తూ కూర్చుంటే మనిషి దక్కదని ఆ రోజు కళ్ళారా చూశాను. పాప చిన్న పెట్టెలాంటి ఆక్సిజన్ హుడ్‌లో ఉంది. పిన్నిగారు ఒక మూల నేల మీద కూలబడి, పాపని గిచ్చిన చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నారు.

ఎంతసేపటికో పాప కాళ్ళు తన్ని ఏడ్చింది. పీలగా, కోపంగా ఏడ్చింది. నేను అక్కడే గోడకు ఆనుకుని భోరుమన్నాను, విద్యార్థి ముందు. సిగ్గుపడలేదు.

ఆ భయం తీరకముందే ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఒక పోలీసు, ఒక సోషల్ వర్కరు వచ్చారు. ఇంట్లో బొగ్గులు ఎందుకు కాల్చారు, పాపకు ఆ ఇల్లు క్షేమమేనా అని అడుగుతున్నారు. ప్రసాద్ ఆఫీసునుంచి పరుగెత్తుకొచ్చాడు, టై చెవి పక్కకి పోయి ఉంది.

“అక్కా, పాపని తీసేసుకుంటారా? ఇలాంటి కేసుల్లో ఫాస్టర్ హోమ్ అని వేరేవాళ్ళింటికి పంపిస్తారట కదా? మా వీసా ఏమవుతుంది?”

“నోరు ముయ్యి,” అన్నాను.

పిన్నిగారికి ఇంగ్లీషు రాకపోయినా ఆ చూపులు అర్థమయ్యాయి. లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. “తప్పు నాది. నన్ను జైల్లో పెట్టమను. పిల్లని మాత్రం తల్లి దగ్గరే ఉంచమను,” అన్నారు. ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెబితే నేరం ఒప్పుకున్నట్టవుతుంది, చెప్పకపోతే దాచినట్టవుతుంది.

అప్పుడు కారెన్ మాస్కు తీసి లేచింది. “నేను ఈ ఇంట్లో వారం వారం ఉదయాలు గడిపాను. పాప బరువు ప్రతిసారీ నేనే చూశాను, పెరుగుతూనే ఉంది. తల్లికి ఎవరో ఒకరు దగ్గర కూర్చుని అన్నం పెడుతున్నారు. ఈ ఇంట్లో బిడ్డను పట్టించుకోకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఈ దేశపు కిటికీల సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రినుంచి పంపించేటప్పుడు మనమూ చెప్పలేదు,” అంది.

సోషల్ వర్కరు, “మీరు ఉదయం కాక మధ్యాహ్నం వెళ్ళి ఉంటే?” అంది.

“అప్పటికి బొగ్గులు చల్లారిపోయి ఉండేవి. లేదా వీళ్ళు,” అంది కారెన్.

పాపని తీసుకోలేదు. ఇంటికి వచ్చి ఒకసారి చూసి వెళ్ళారు, అంతే. డాక్టరు మాత్రం, కొన్నాళ్ళ తరవాత కూడా మెదడు మీద ప్రభావం కనిపించవచ్చు, కనిపెట్టి ఉండండి అన్నాడు. ఆ మాట మా అందరి గుండెల్లో ముల్లులా దిగింది. పాప కళ్ళు తిప్పిందా, నవ్విందా అని రోజూ పద్మకు ఫోను చేసేదాన్ని. ఆ పిల్ల నడిచేదాకా నాకు స్థిమితం లేదు. దేవుడి దయవల్ల ఏ లోపమూ రాలేదు.

కానీ పిన్నిగారు పాపని ముట్టుకోవడం మానేశారు. స్నానం చేయించనన్నారు, ఎత్తుకోనన్నారు. “ఈ చేతులు మంచివి కావే,” అనేవారట. ఎవరైనా పాపని ఒళ్ళో పెట్టబోతే లేచి వంటింట్లోకి పోయేవారు. పద్మ నాకు ఫోను చేసి ఏడ్చింది. “అక్కా, అమ్మ అన్నం కూడా సరిగా తినడం లేదు. ఇలాగే వెళ్ళిపోతే అక్కడ బతకదు.”

కారెన్ ఆ ఇంటికి వెళ్ళే ఆఖరి రోజున నేనూ వెళ్ళాను. కాంట్రాక్ట్ ప్రకారం పాపకు మన పద్ధతిలో స్నానం చేయించి నాకు చూపించాలి. అదే ఆ పిల్లకు పరీక్ష. పిన్నిగారిని నేర్పమంటే మొహం తిప్పేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. కారెన్ పీట మీద కూర్చుని, తన పొడుగాటి కాళ్ళు చాపి, పాపని బోర్లా పడుకోబెట్టుకుంది. నూనె రాసింది. చెంబు ఎత్తింది. నీళ్ళు తిన్నగా పాప చెవి మీదికి వంచబోయింది.

“అయ్యో అయ్యో! అలా కాదే దొరసానీ, చెవిలోకి పోతాయి! లే, లే అవతలికి!”

పిన్నిగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కారెన్‌ని పక్కకి నెట్టి, ఆ పీట మీద కూర్చున్నారు. పాప వీపు మీద చెయ్యి పడ్డాక ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. తరవాత కదిలింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారి పాప వీపు మీద పడుతుంటే, వాటితో కలిపే రుద్దేశారు. కావాలనే తప్పు చేశావా అని కారెన్‌ని తరవాత అడిగాను. “నా గ్రేడు వేశాక చెబుతాను,” అంది, గడుసుపిల్ల.

ధూపం మానలేదు. బాల్కనీలోనే సాంబ్రాణి వేసి, పాప బట్టలకు పొగ పట్టించి, బట్టలు మాత్రమే లోపలికి తెచ్చారు. పాపకి బట్టలు తొడిగి పద్మ పక్కన పడుకోబెట్టాక, పిన్నిగారు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి, ప్లాస్టిక్ షీటు ఒక మూల పీకి, కిటికీ వేలెడంత తెరిచారు. చలిగాలి నా మెడకు తగిలింది. నేను మూయమనలేదు.

డాక్టర్ విట్‌మోర్ తరవాతి ఏడాదినుంచి ఉదయపు సందర్శనలకు అడ్డు చెప్పలేదు. ఆవిడ పెట్టిన ఫోను షరతుకు నేనూ మళ్ళీ విసుక్కోలేదు. ఆ కేసు నాకు నేర్పింది పెద్ద వేదాంతమేమీ కాదు. మనకు అలవాటైన చోట మన కళ్ళు సరిగా పనిచెయ్యవు, ఇల్లు సర్దేశాక వెళ్ళినవాళ్ళకు ఏ ఇల్లూ అర్థం కాదు. ఇండిపెండెంట్ స్టడీ అంటూ వచ్చిన ప్రతి పిల్లనీ నేను అడిగేది ఒక్కటే. “అసలు పని జరిగే వేళకు నువ్వు అక్కడ ఉంటావా?” ఉంటానంటే సంతకం పెడతాను. పెట్టి, ఆ పూటంతా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఫోను పక్కన కూర్చుంటాను.